ఇల్లూ – పిల్లలూ: ఫుట్‌బాల్ ఆటకు చంటివాళ్ళతో వెళ్ళేటప్పుడు

ఈ నెల మన శీర్షికకు బెంగళూరు సోదరి ఒకరు ఉత్తరం వ్రాశారు. వారి ఇంటాయనకు ఫుట్‌బాల్ అంటే ప్రాణమట. నాలుగేళ్ళ అబ్బాయినీ, ఏడేళ్ళ అమ్మాయినీ వెంటబెట్టుకుని కంఠీరవ స్టేడియానికి వెళదామంటున్నారట. పిల్లలు అంతసేపు కుదురుగా కూర్చుంటారా, కూర్చోకపోతే వాళ్ళను ఎత్తుకుని మెట్లమీద తిరగవలసినది నేనే గదా అని ఆమె సందేహం. సందేహం న్యాయమైనదే. ఇలాంటి ఇళ్ళు చెన్నపట్నంలోనూ, భువనేశ్వరంలోనూ కూడా చాలా ఉన్నవి గనుక కాస్త వివరంగానే ముచ్చటించుకుందాం.

ముందుగా నిజం చెప్పుకోవాలి. పిల్లలు కూర్చోరు. ఆట 45 నిమిషాల చొప్పున రెండు భాగాలు. నడుమ 15 నిమిషాల విరామం. గేటు దగ్గర నిలబడడమూ, రాకపోకలూ కలిపితే మూడు గంటల పైమాటే. అంతసేపు ఒకే వస్తువు మీద మనసు నిలపడం నాలుగేళ్ళ వాడికి సాధ్యం కాదు. అది వాడి అల్లరీ కాదు, తల్లి పెంపకంలో లోపమూ కాదు. పైగా కంఠీరవంలో ఆటస్థలం చుట్టూ పరుగుపందాల బాట ఉన్నది. గ్యాలరీలో కూర్చున్న పిల్లల కంటికి ఆటగాళ్ళు బొటనవ్రేలంత కనిపిస్తారు. బంతి వెంట మన చూపు దానంతటదే పరుగెత్తుతుంది. పిల్లల చూపు జెండా మీదికీ, డప్పు మీదికీ, ముందు వరుసలో కూర్చున్నవారి టోపీ మీదికీ పోతుంది. గంటసేపు ఒక్క గోలూ పడకపోతే వాళ్ళకు అక్కడ ఏమి జరుగుతున్నదో కూడా తెలియదు.

అయితే పిల్లలకు విసుగు కలిగేది ఆటవల్ల అనుకోకండి. పక్కనున్న పెద్దలు ఆటలో మునిగి తమను మరచిపోయారని తోచిన క్షణాన విసుగు మొదలవుతుంది. అన్నం కలిపి చిన్న ముద్దలు చేసి పెట్టినట్లే ఆటను కూడా చిన్న ముద్దలు చేసి అందించాలి. ఈ నెల నేను చెప్పదలచినదల్లా ఇదే.

మొదటి ముద్ద ఇంటి దగ్గరే పెట్టాలి. ఆటకు వారం ముందునుంచి సాయంకాలం వాకిట్లో ప్లాస్టిక్ బంతితో తండ్రీ పిల్లలూ ఆడాలి. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీంగారి పేరు మీరు వినే ఉంటారు. 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడలలో బంగారు పతకం గెలిచిన జట్లకు ఆయనే శిక్షకుడు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో మనవాళ్ళు నాలుగవ స్థానానికి వచ్చినదీ ఆయన శిక్షణలోనే. ఆయన మొదట బడిపంతులు. వాటం లేని కాలితోనే తన్నవలెనని నియమం పెట్టి ఆయన హైదరాబాదులో పోటీలు జరిపించేవారు. ఆ నియమాన్నే మన వాకిట్లో పెట్టి చూడండి. కుడివాటం పిల్ల ఎడమకాలితో తన్నబోయి బంతి ఒకవైపూ, తానొకవైపూ పోతుంటే ఇల్లంతా నవ్వులే. ఆ పిల్ల స్టేడియంలో కూర్చుని, ఆటగాడు ఎడమకాలితో కొట్టగానే తానే ముందు కనిపెడుతుంది.

రెండవది, స్టేడియంలో ప్రతి పిల్లకూ ఒక పని అప్పగించడం. నాలుగేళ్ళ వాడికి గోల్‌కీపరును చూపండి. అతని చొక్కా రంగు తక్కినవారికంటె వేరుగా ఉంటుంది గనుక వెంటనే గుర్తిస్తాడు. ఆ గోలుచట్రం 8 అడుగుల ఎత్తు, 24 అడుగుల వెడల్పు. అంత పెద్ద వాకిలికి ఒక్కడే కాపలా అని చెప్పండి. బంతి అటు చివరకు పోయినప్పుడు ఈ కాపలాదారు ఏమి చేస్తున్నాడో చూచి చెప్పడం అబ్బాయి పని. ఏడేళ్ళ పిల్లకు మూరెడు దారం ఇవ్వండి. కార్నర్ కిక్ వచ్చినప్పుడల్లా ఒక ముడి వేయమనండి. ఆట ముగిసేసరికి ఎన్ని ముళ్ళో లెక్కపెట్టుకోవడం ఆమె వంతు. దారానికి ఏ గేటు కావలివారూ అడ్డు చెప్పరు.

రిఫరీ చీటీ ఎత్తినప్పుడు ఒక చిన్న కథ చెప్పవచ్చును. కెన్ ఆస్టన్ అనే ఇంగ్లీషు రిఫరీ ఒకరోజు కారులో పోతూ రోడ్డుమీద దీపాలను చూచాడు. పసుపు అయితే జాగ్రత్త, ఎరుపు అయితే ఆగు. ఏ భాషవాడికైనా ఇది తెలుస్తుంది గదా అని అతనికి తోచింది. 1970లో మెక్సికోలో జరిగిన ప్రపంచకప్పు పోటీలలో ఆ రెండు రంగుల చీటీలు మొదటిసారి వాడారు. ఆయనా బడిపంతులే! రోజూ బడి బస్సులోంచి సిగ్నలు దీపాలు చూచే మన పిల్లలకు ఈ కథ ఇట్టే పట్టుబడుతుంది.

ఇక చప్పుడు సంగతి. కంఠీరవంలో పడమటి గ్యాలరీవైపు అభిమాన బృందం నిలబడి పాటలు, డప్పులతో హోరెత్తిస్తుంది. పెద్దపిల్లలకు అది పండుగే. చంటివాళ్ళకు మాత్రం భయం. డప్పులకు దూరంగా, నడవ పక్క సీట్లు తీసుకోండి. పెద్దవాళ్ళ చెవులకైనా 85 డెసిబెళ్ళ చప్పుడు రోజుకు 8 గంటలు మించరాదంటారు. 100 డెసిబెళ్ళయితే పావుగంటే హద్దు. దూది పెట్టినందువల్ల పెద్ద ప్రయోజనం లేదు. చెవులను పూర్తిగా కప్పే పిల్లల చెవిమూతలు కొని, ఇంట్లో రెండు రోజులు అలవాటు చేయండి. తినుబండారాలూ, నీళ్ళసీసాలూ చాలాచోట్ల లోపలికి రానివ్వరు. టిక్కెట్టు నిబంధనలు ముందే చదువుకుని, పిల్లలకు కడుపునిండా పెట్టి బయలుదేరండి. లోపల కొన్న వేరుసెనగగింజలు నాలుగైదేళ్ళ లోపు వారికి పెట్టవద్దు. కేకలకు ఉలిక్కిపడితే గొంతుకు అడ్డం పడతాయి. మరుగుదొడ్డికి విరామం వరకు ఆగక, దానికి అయిదు నిమిషాల ముందే తీసుకువెళితే వరుసలో నిలబడే బాధ ఉండదు.

అన్నిటికంటె పెద్ద జాగ్రత్త గేటు దగ్గర. 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్సులో ఫుట్‌బాల్ ఆటనాడు 16 మంది చనిపోయారు. 2025 జూన్ 4న మన బెంగళూరులోనే, చిన్నస్వామి క్రికెట్ స్టేడియం గేట్ల దగ్గర తొక్కిసలాటలో 11 మంది పోయారు. భయపెట్టడానికి కాదు ఇది చెప్పడం. సంబరానికి వెళ్ళినవాళ్ళు తిరిగి ఇంటికి రావాలి. గేట్లు తెరిచిన కొద్దిసేపటికే లోపలికి వెళ్ళండి. అప్పటికే జనం ఒత్తుకుంటూ ఉంటే టిక్కెట్టు డబ్బు పోయినా సరే వెనక్కు తిరగండి. చంటివాణ్ణి చేయి పట్టి నడిపించక ఎత్తుకోండి. ఆనాటి బట్టలతో పిల్లలను ఫోనులో ఫొటో తీయండి. జేబులో మీ ఫోను నంబరు వ్రాసిన చీటీ పెట్టండి. తప్పిపోతే ఎక్కడ నిలబడాలో పెద్దపిల్లకు చోటు చూపించండి.

ఇప్పుడు ఆ సోదరి అసలు ప్రశ్నకు వద్దాము. పిల్లవాడు మారాము చేస్తే మెట్లమీద తిరిగేది ఎవరు? చాలా ఇళ్ళలో సమాధానం అడగకుండానే తల్లి లేస్తుంది. తండ్రికి ఆట దక్కుతుంది, తల్లికి టిక్కెట్టు మాత్రమే దక్కుతుంది. ఇది ఇంటి దగ్గరే తేల్చుకోవలసిన విషయం. మొదటి భాగంలో ఒకరు, రెండవ భాగంలో మరొకరు అని వంతులు వేసుకోండి. తన వంతు వచ్చినప్పుడు, గోలు పడేటట్లున్నా సరే, లేవవలసిందే. తండ్రి భుజమెక్కి పది నిమిషాలు తిరిగివచ్చిన పిల్లవాడికి ఆ తిరుగుడు కూడా ఆటలో భాగమే. ఆటను ప్రేమించే తండ్రి పిల్లలకు ఆ ప్రేమ అందించాలనుకుంటే ఇంతకంటె మంచి దారి లేదు. “కదలకు, నోరుమూసుకో” అనిపించుకున్న పిల్లకు మాత్రం ఫుట్‌బాల్ పేరు చెబితే ఆ గద్దింపే జ్ఞాపకం వస్తుంది.

మొదటిసారే పెద్ద పోటీకి వెళ్ళనక్కరలేదు. పేటలోని మైదానంలో ఆదివారం ఉదయం కుర్రవాళ్ళు ఆడుతుంటారు. గట్టున నిలబడి అరగంట చూడండి. అక్కడ బంతి చప్పుడు వినపడుతుంది, ఆటగాళ్ళ మొగాలు కనపడతాయి, ఇష్టమైనప్పుడు ఇంటికి రావచ్చు. పెద్ద ఆటకు వెళ్ళిననాడు కూడా పిల్లలు ఇంకా ఉత్సాహంగా ఉండగానే, ఆఖరి పది నిమిషాలు వదలుకుని బయటపడండి. ఆఖరుదాకా చూడవలసిందే అనుకుంటే జనమంతా పలచబడేదాకా సీట్లోనే కూర్చోండి.

ఇంకొక లాభమూ ఉన్నది. మన పిల్లలు బడిలో ఇంగ్లీషు, వీధిలో కన్నడమో అరవమో ఒరియానో మాట్లాడతారు. ఆటచోట తండ్రి పక్కన కూర్చుని బంతి ఎటు పోయింది, ఎవరు తన్నారు, ఎవరు పడ్డారు అని రెండు గంటలు తెలుగులో కబుర్లు చెబితే, ఏ పాఠమూ పెట్టకుండానే మాట నోటికి వస్తుంది. తిరిగివచ్చాక అమ్మమ్మకు ఆ దారంముళ్ళు చూపించి కథంతా చెప్పమనండి.

మీ పిల్లలతో ఆటలకు వెళ్ళిన సోదరీమణులు తమ చిట్కాలు వ్రాసి పంపితే వచ్చే సంచికలలో తప్పక ప్రకటిస్తాము.