రెండు నిషేధాలు, ఒకే సముద్రం, మనవాళ్ళు చదవలేని కాగితం



మొన్న మన గ్రూపులో ఒక మిత్రుడు ఆవేశంగా రాశారు. ఈ వేట నిషేధాలన్నీ తెలుగు మత్స్యకారుల పొట్ట కొట్టడానికే పెట్టారని, వెంటనే ఎత్తెయ్యాలని. కింద లైకులే లైకులు. ఆయనంటే నాకు గౌరవం ఉంది. కానీ ఆ మాట వినడానికి బాగుంటుందే తప్ప, గంజాం తీరంలో ఏ ఒక్క ఇంటికీ పనికిరాదు. ఎందుకంటున్నానో చెప్తాను. పొడుగు రాత, ఓపిక పట్టండి.

ముందు లెక్క. ఋషికుల్య నది సముద్రంలో కలిసేచోట ఏటా రెండు నిషేధాలు పడతాయి. మొదటిది తాబేళ్ళది. 1982 నాటి ఒడిశా సముద్ర చేపలవేట నియంత్రణ చట్టం కింద ధామరా, దేవి, ఋషికుల్య మొగల దగ్గర నవంబరు 1 నుంచి మే 31 దాకా, తీరం నుంచి 20 కిలోమీటర్ల వరకు. రెండోది చేపలు గుడ్లు పెట్టే కాలానిది. తూర్పు తీరం మొత్తానికి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. మొదటిది 212 రోజులు. రెండూ ఒకదాని మీద ఒకటి పడే రోజులు 47. కలిపి చూస్తే నవంబరు 1 నుంచి జూన్ 14 దాకా 226 రోజులు. మిగిలినవి 139 రోజులు. ఆ 139 ఎప్పుడొస్తాయో చూడండి: జూన్ నడిమి నుంచి అక్టోబరు చివరి దాకా, అంటే వానాకాలం, తుఫాన్ల కాలం. 2013లో ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది అక్టోబరులోనే. 2018లో తిత్లీ వచ్చిందీ అక్టోబరులోనే.

ఇంతవరకు మన మిత్రుడి కోపం న్యాయమే. సముద్రం ప్రశాంతంగా ఉండే నెలల్లో నిషేధం, సముద్రం మింగేసే నెలల్లో అనుమతి. ఇది చూసి ఎవరికైనా మండుతుంది.

కానీ నిషేధం ఎత్తేస్తే ఆ నీళ్ళలోకి ముందుగా ఎవరు దిగుతారు? పొడంపేట చిన్న పడవా? కాదు, ట్రాలర్లు. పెద్ద రేవుల నుంచి మంచుపెట్టెలు నింపుకుని వచ్చి, అడుగు దాకా వల ఈడ్చుకుంటూ పోయేవాళ్ళు. తీరం నుంచి 5 కిలోమీటర్ల లోపలికి మరబోట్లు రాకూడదని ఏడాది పొడుగునా నియమం ఉంది. అదే సరిగ్గా అమలు కావడం లేదని, తమ వలలు తెంపుకుపోతున్నారని తీరం మీద ఏ పెద్దాయన్ని కదిపినా చెప్తాడు. అలాంటిది 20 కిలోమీటర్ల గీత కూడా చెరిపేస్తే కవళ్ళూ కానాగంతలూ ఒడ్డుకి దగ్గరగా మిగులుతాయా? "నిషేధం ఎత్తెయ్యండి" అన్నది ట్రాలర్ల యజమానుల కోరిక. దాన్ని మన సంఘం బ్యానర్ మీద మనమే రాసిపెడుతున్నాం. వాళ్ళు మనకి టీ కూడా పొయ్యలేదు.

తాబేలు చావు సంగతి కూడా తెలుసుకుని మాట్లాడాలి. సముద్ర తాబేలు చేప కాదు, పైకొచ్చి గాలి పీల్చాలి. ట్రాల్ వల గంటల తరబడి నీళ్ళకింద ఈడుస్తూ ఉంటే అందులో పడ్డ తాబేలు ఊపిరాడక చస్తుంది. అందుకే ట్రాల్ వలకి ఇనుప చట్రం ఒకటి బిగించమన్నారు. చేప, రొయ్య లోపలికి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి పక్కనున్న కంతలోంచి బయటపడుతుంది. ఆ చట్రం సరిగ్గా వాడడం లేదనే 2019లో అమెరికా మన దేశం నుంచి సముద్రపు రొయ్య కొనడం ఆపేసింది. ఆ పాపం తెప్ప మీద పోయేవాడిది కాదు. మన పాతతరం జాలార్లు, వాడబలిజలు వలలో తాబేలు పడితే కూర్మావతారమని దండం పెట్టి వదిలేసేవాళ్ళు. ఋషికుల్య ఇసుకలో లక్షల తాబేళ్ళు ఒకేసారి గుడ్లు పెడతాయని శాస్త్రవేత్తల దృష్టికి వచ్చింది 1994లో. ఆ ఒడ్డున బతుకుతున్నవాళ్ళకి అంతకుముందే తెలుసు. 2023లో అక్కడ 6 లక్షలకు పైగా తాబేళ్ళు గుడ్లు పెట్టాయి. వాటికి కాపలా కాసినవాళ్ళలో, పిల్లలు పుట్టి లైట్ల వెలుతురు వైపు దారి తప్పితే బుట్టల్లో ఎత్తి సముద్రంలో వదిలినవాళ్ళలో పురుణాబంధ, గోఖరకుద, పొడంపేట కుర్రాళ్ళు ఉన్నారు. తాబేలుకి శత్రువు మత్స్యకారుడన్నట్టు చలికాలంలో ఫొటోలు తీసుకుని పోయే పట్నం వాళ్ళు కూడా ఈ మాట వినాలి. నిషేధం ఖర్చు మోస్తున్నది ఆ ఊళ్ళే.

అయితే గొడవ ఎక్కడుంది? నా లెక్కలో గొడవ తేదీల్లో కన్నా కాగితాల్లో ఎక్కువ ఉంది.

రెండు నిషేధాలూ ఒకే నీళ్ళ మీద పడతాయి గానీ రెండింటి నియమాలూ ఒకటి కావు. ఒకటి తాబేలు కోసం, ఒకటి చేప కోసం. ఒకటి మూడు నదుల మొగలకే, ఒకటి తీరమంతటికీ. 61 రోజుల నిషేధంలో ఇంజను లేని సంప్రదాయ పడవలకు మినహాయింపు ఉందని కేంద్రం ఉత్తర్వు చెప్తుంది. తాబేళ్ళ నిషేధం గురి ముఖ్యంగా ట్రాలర్ల మీద, ఇంజను పడవల మీద. ఇప్పుడు తెప్పకీ ట్రాలరుకీ నడుమ ఉన్నవాడి సంగతేమిటి? ఫైబరు పడవ, వెనకాల చిన్న ఇంజను, ముగ్గురు మనుషులు. మనవాళ్ళలో ఎక్కువమంది బతుకు అదే. పోయిన చలికాలం ఒక కుర్రాడు నన్ను అడిగిన మాట ఇది: "బాబూ, తెడ్డేసుకుని ఎల్తే తప్పునేదంతారు, ఇంజనేత్తే తప్పంతారు. మరి ఇంజను ఆపీసి తెడ్డేసుకుంతే? సదువుకున్నోరు, ఒక్కమాట సెప్పండి." నవ్వే ప్రశ్న కాదిది. పడవ పట్టుబడితే ఏడాది సంపాదన పోతుంది. ఇంకా ఉన్నాయి. 20 కిలోమీటర్లు దాటి అవతల వేటకి పోవాలంటే ఆ నీళ్ళ మీదుగానే పోవాలి కదా, పోవచ్చా? వల పడవలో ఉండి నీళ్ళలో లేకపోతే నేరమా? ఏ కన్ను వల వాడొచ్చు? ఏప్రిల్ 15న ఒక నిషేధం నడుస్తుండగానే ఇంకోటి మొదలవుతుంది, ఆ 47 రోజుల్లో ఏ మినహాయింపు చెల్లుతుంది, ఏది చెల్లదు?

ఈ ప్రశ్నలకి జవాబులు ఆఫీసుల్లో ఉంటాయి, ఒడియాలోనో ఇంగ్లీషులోనో. తీరం మీద తెలుగులో రాసిన బోర్డు ఇన్నేళ్ళలో నా కంట పడలేదు. మీకెక్కడైనా కనబడితే ఫొటో పెట్టండి, సంతోషిస్తాను.

లైసెన్సు కథ ఇంకో పురాణం. పడవ నమోదు వేరు, వేటకి లైసెన్సు వేరు, మనిషికి గుర్తింపు కార్డు వేరు, బీమా వేరు. నమోదు అయింది కదా అని లైసెన్సు రెన్యూ చేయించడు. పట్టుకున్నప్పుడు నంబరు చూపిస్తాడు, అది చాలదంటారు. ఇక పేర్లు. మన ఇంటిపేర్లు ఒడియాలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా, బ్యాంకు పుస్తకంలో మరోలా పడతాయి. ఇంటిపేరు ముందా వెనకా అన్న దగ్గరే సగం దరఖాస్తులు ఆగుతాయి. కొడుకు పేరు మీద పడవ, తండ్రి పేరు మీద కార్డు, సాయం వచ్చేసరికి ఇద్దరూ అర్హులు కారు.

సాయం అన్నాను కాబట్టి అదీ చెప్తాను. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో వేట లేని మూడు నెలలకు ప్రభుత్వం 3,000, మత్స్యకారుడు ముందుగా దాచుకున్న 1,500, కలిపి 4,500 ఇస్తారు. రోజుకి 50 రూపాయలు. అందులో మూడో వంతు అతని డబ్బే. తాబేళ్ళ నిషేధానికి ఒడిశా ప్రభుత్వం వేరేగా ఇచ్చే సాయం కొన్నేళ్ళపాటు కుటుంబానికి 7,500 ఉండేది, తర్వాత పెంచారు. ఇచ్ఛాపురం అవతల, అదే సముద్రానికి, 61 రోజుల నిషేధానికే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నుంచి 10,000 ఇచ్చింది, 2025లో దాన్ని 20,000 చేసింది. మన మిత్రుడు పోరాడదలుచుకుంటే ఇక్కడ పోరాడొచ్చు. 61 రోజులకు అక్కడ అంత ఇస్తే, 226 రోజులకు ఇక్కడ ఎంత ఇవ్వాలి? తాబేలు దేశం ఆస్తి అయితే, దాన్ని కాపాడే ఖర్చు ఋషికుల్య ఒడ్డున నాలుగు ఊళ్ళే ఎందుకు పెట్టుకోవాలి? ఇది గట్టి ప్రశ్న. "ఎత్తెయ్యండి" అన్నవాడిని ఏ అధికారీ కూర్చోబెట్టడు. ఈ ప్రశ్న వేసినవాడికి మాత్రం జవాబు చెప్పక తప్పదు.

"మనవాళ్ళకి ఒడియా వచ్చు కదండీ, తెలుగు కాగితం ఎందుకు" అని మొన్న ఒక పెద్దాయన అన్నారు. బజారులో చేప బేరమాడే ఒడియా వేరు, గెజిట్‌లో ఒడియా వేరు. మన బరంపురంలో డిగ్రీలు చదివినవాళ్ళం, కరెంటు బిల్లు వెనక అచ్చువేసిన నియమాలు ఎంతమందికి అర్థమవుతున్నాయి? ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. తీరం ఊళ్ళలో చాలామంది పిల్లలకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. కాబట్టి అచ్చుకాగితం ఒక్కటే చాలదు. ఆటోకి మైకు కట్టి ఊరూరా తెలుగులో చెప్పించాలి, ఫోన్లలో తిరిగేలా మాట రికార్డు చేసి పంపాలి. ఎన్నికలప్పుడు ఇవన్నీ చెయ్యడం అందరికీ వచ్చు.

అడిగే హక్కు ఉందా అంటే ఉంది. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం మన కష్టం గురించి ప్రభుత్వానికి అర్జీ ఆ రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా పెట్టుకోవచ్చు. దానికి శాతాల లెక్క లేదు. భాషా అల్పసంఖ్యాకుల రక్షణల్లో ఇంకోటి ఉంది: జిల్లాలో గానీ, అంతకన్నా చిన్న తాలూకా స్థాయిలో గానీ ఒక భాష మాట్లాడేవాళ్ళు కనీసం 15 శాతం ఉంటే ముఖ్యమైన నియమాలు, ప్రకటనలు ఆ భాషలోకి అనువదించి ప్రకటించాలి. ఊరికి ఊరే తెలుగు మాట్లాడే చోట ఒక వేట నిషేధం ప్రకటన కన్నా ముఖ్యమైన ప్రకటన ఏముంటుంది? 1936 ఏప్రిల్ 1న గంజాం మద్రాసు నుంచి ఒడిశాలోకి వచ్చింది. పటం మీద గీత మారినంత మాత్రాన తీరం మీద మాట్లాడే భాష మారలేదు.

ఇప్పుడు మన సంఘం సంగతి. ఉగాదికి పందిరి వేస్తాం, కవిసమ్మేళనం పెడతాం, శాలువాలు కప్పుతాం. చెయ్యాలి, కాదనను. కానీ మన సభ్యుల జాబితా తీసి చూడండి. పట్నం ఇళ్ళు ఎన్ని, తీరం ఇళ్ళు ఎన్ని? జనాభా లెక్కల్లో తెలుగువాళ్ళ సంఖ్య చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు వాళ్ళు మనవాళ్ళు. వినతిపత్రం మీద సంతకాలకి వాళ్ళు మనవాళ్ళు. బీచికి వెళ్ళినప్పుడు మాత్రం మన నోటి నుంచే "ఎవరో నోలియాలు" అని వస్తుంది. పూరీ పెంటకోట నుంచి గోపాలపూర్ దాకా ఈ రాష్ట్రంలో తెలుగుని ఇంటి భాషగా, పని భాషగా కూడా బతికిస్తున్నవాళ్ళు వాళ్ళే. గాలికి, అలకి, వలకి, చేపకి వాళ్ళ దగ్గర ఉన్న తెలుగు మాటలు మన కవిసమ్మేళనాల్లో ఒక్కటి కూడా వినపడదు. భాష కోసం ఉన్న సంఘం రెండు పేజీల నోటీసు అనువదించలేకపోతే ఎందుకున్నట్టు?

నేను అడుగుతున్నది కోట్ల ఖర్చు పని కాదు. వచ్చే కార్యవర్గ సమావేశంలో ఇది ఎజెండాలో పెట్టాలి. జూన్ 14 తర్వాత వేట మొదలవుతుంది, అప్పుడు ఎవరికీ తీరిక ఉండదు. ఆగస్టులో రెండు ఆదివారాలు తీరం ఊళ్ళకి వెళ్ళి ఎవరి నమోదు, లైసెన్సు, కార్డు ఏ స్థితిలో ఉన్నాయో రాసుకోవాలి. పేర్ల తేడాలు సెప్టెంబరులో సరిచేయించాలి. చిన్న ఇంజను పడవల గురించి, దాటిపోయే దారి గురించి, ఆ 47 రోజుల గురించి ఒక్కో ప్రశ్నా విడివిడిగా రాసి మత్స్యశాఖకి తెలుగులో అర్జీ పెట్టాలి, ఒడియా అనువాదం జతచేసి. రాతపూర్వకంగా జవాబు అడగాలి. ఆ జవాబుని అక్టోబరు ఆఖరుకి మైకులో చెప్పించాలి, ఏ పడవకి ఏది చెల్లుతుందో బొమ్మలతో సహా బోర్డు పెట్టాలి. తాబేళ్ళ సాయానికి, 61 రోజుల సాయానికి వేర్వేరు జాబితాలు ఉంటాయి కాబట్టి రెండింటిలోనూ పేర్లు ఉన్నాయో లేదో చూడాలి.

ఒడియా చదివి తెలుగులో చెప్పగలిగేవాళ్ళు నలుగురు కావాలి. అందులో ఇద్దరు తీరం ఊళ్ళవాళ్ళే అయితే మంచిది, వేట మాటలు మనకి రావు. బండి ఉన్నవాళ్ళు ఒకరు. నా పేరు మొదట రాసుకోండి. మిగతావాళ్ళు ఈ ఆదివారం లోపు సంఘం ఆఫీసులో చెప్పండి, సాయంత్రం ఆరు తర్వాత నేను అక్కడే ఉంటాను.