ప్రగతి పత్రంలో లేని గడి



మొన్న పాత ట్రంకుపెట్టె సర్దుతుండగా నా చేతివ్రాతతో నిండిన మార్కుల పుస్తకం ఒకటి బయటపడింది. నేను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల నాటిది. ఎనిమిదవ తరగతి, తెలుగు. అందులో ఒక పేరుకు ఎదురుగా రెండు యూనిట్ పరీక్షల మార్కులు, త్రైమాసిక పరీక్ష మార్కులు ఉన్నాయి. అర్ధసంవత్సర పరీక్ష మొదలు గడులన్నీ ఖాళీ. వరుస చివర ఎర్రసిరాతో "బడి మానెను" అని నేనే వ్రాసికొన్నాను. ఎందుకు మానెనో వ్రాయలేదు. వ్రాయడానికి అక్కడ గడి లేదు. నిజం చెప్పవలెనంటే, నాకు తెలియనే తెలియదు.

కారణం చాలా ఏళ్ల తరువాత తెలిసింది. అమరావతి బస్టాండులో ఒక నడివయస్కుడు వచ్చి, నా చేతిసంచి అందుకొని, "నమస్కారం మాస్టారూ" అన్నాడు. అతడే. ఆ ఏడు తల్లి మంచాన పడిందనీ, తాను వేకువనే పత్తి తీసి బడికి వచ్చేవాడిననీ చెప్పాడు. పద్యం అప్పజెప్పలేదని నేను అతణ్ణి తరగతి బయట నిలబెట్టానట. మరునాటి నుండి రాలేదు. "పద్యం మీరు చెబితేనే వినాలండీ. ఎందుకు రావడం లేదని కబురు పెడతారేమోనని వారం రోజులు చూశాను" అన్నాడు. నిష్ఠురంగా అనలేదు. అందువల్లనే ఆ మాట నన్ను మరింత బాధించింది.

ఆ పిల్లవానికి సంధులు ఎన్ని వచ్చునో నా దగ్గర లెక్క ఉన్నది. అతణ్ణి బడిలో ఎవరైనా తమవాడు అనుకొన్నారా అన్న దానికి లెక్క లేదు. ఈ టపా ఆ రెండవ లెక్కను గూర్చి.

బడి పిల్లలను ఆదరించవలెనన్న మాట మనకు కొత్త కాదు, చట్టంలోనే ఉన్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. దాని 17వ సెక్షను శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. బిడ్డను భయం నుండి, ఆందోళన నుండి విముక్తుణ్ణి చేయవలెనని 29వ సెక్షను బోధనకు నియమం పెట్టింది. చట్టం ప్రకారం చూస్తే నేను ఆనాడు చేసిన పని ఈనాడు నిషిద్ధం. మంచిదే. అయితే భయం పోయిందో లేదో తెలిసికొనే ఉపాయం మాత్రం బడుల చేతికి రాలేదు. చదువుకు సర్వేలున్నాయి, గ్రేడులున్నాయి, ఫలితాలు వచ్చిన మరునాడు గుంటూరు, నరసరావుపేట కూడళ్లలో ర్యాంకుల ఫ్లెక్సీలున్నాయి. ఆదరణకు ఉన్నవి వార్షికోత్సవ ప్రసంగాలు మాత్రమే.

ఈ ఉపేక్ష ఖరీదెంతో తెలియనిది కాదు. 2022లో ఎన్‌సీఈఆర్టీ దేశమంతటా దాదాపు 3.8 లక్షల మంది విద్యార్థులను ప్రశ్నించగా, 81 శాతం మంది చదువు, పరీక్షలు, ఫలితాలే తమ ఆందోళనకు కారణమన్నారు. 2023లో విశాఖపట్నంలో వైద్యవిద్య ప్రవేశపరీక్షకు సిద్ధమవుతున్న పదిహేడేళ్ల బాలిక మరణించింది. ఆ కేసులోనే సర్వోన్నత న్యాయస్థానం 2025 జులై 25న దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. నూరుగురు, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హతగల సలహాదారుడు ఉండవలెను. మార్కులను బట్టి పిల్లలను బ్యాచీలుగా విడదీయరాదు. నలుగురిలో అవమానించరాదు. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లయినా శిక్షణ ఇవ్వవలెను. ఏ బడిపంతులైనా తనంత తాను పాటించవలసిన సంగతులను న్యాయమూర్తులు వ్రాసి చెప్పవలసి వచ్చింది.

"ఆదరణకు కొలత ఏమిటయ్యా? తల్లి ప్రేమను తక్కెడలో పెడతామా?" అని మీలో కొందరు అడుగుతారు. నేనూ చిరకాలం అట్లాగే అన్నాను. ఆ అభ్యంతరంలో సగం సత్యం ఉన్నది. అమెరికా సామాజిక శాస్త్రవేత్త డొనాల్డ్ క్యాంప్‌బెల్ 1970వ దశకంలోనే హెచ్చరించాడు: ఒక అంకెను ఆధారం చేసికొని నిర్ణయాలు చేస్తున్నకొద్దీ ఆ అంకె చెడిపోతుంది, అది కొలవబోయిన విషయమూ చెడిపోతుంది. ఆదరణకు ర్యాంకులు పెడితే రేపు "దయలో జిల్లా ప్రథమం" అని ఫ్లెక్సీ కట్టగల ఘనులు మనలో లేకపోలేదు. తనిఖీకి వచ్చే ముందురోజు పిల్లలకు జవాబులు వల్లెవేయిస్తారు కూడా.

అయితే కొలతలన్నీ పోటీ కోసమే కాదు గదా! ఒళ్ళు కాలుతున్న బిడ్డకు థర్మామీటరు పెట్టేది పొరుగింటి బిడ్డతో పోల్చడానికి కాదు, మందు వేయవలెనో లేదో తెలియడానికి. ఆదరణకు కావలసింది ఆ రకం కొలత. పదిహేనేళ్ల పిల్లలకు పెట్టే పీసా అనే అంతర్జాతీయ పరీక్షలో గణితంతో పాటు, బడిలో ఒంటరిగా అనిపిస్తున్నదా, ఇది నా బడి అనిపిస్తున్నదా అని కూడా అడుగుతారు. అడగరాని ప్రశ్నలు కావవి. మన ఊళ్లలోనూ అడగవచ్చు.

నేనైతే మూడే అడుగుతాను. నీ కష్టం చెప్పుకోదగిన పెద్దవారు ఈ బడిలో ఒకరైనా ఉన్నారా? నీవు రాని రోజున ఎందుకు రాలేదని ఎవరైనా అడిగారా? తప్పు చెబితే నవ్వుతారని భయపడి తెలిసిన జవాబు కూడా చెప్పకుండా ఊరకున్న రోజులున్నాయా? పేరు వ్రాయనక్కరలేని చీటీ మీద, ఏడాదికి మూడుసార్లు. చీటీలు ఆ బడిలోనే ఉండవలెను, పై కార్యాలయానికి పోరాదు. తరగతివారీగా, బాలికలకూ బాలురకూ వేరుగా, వసతిగృహం పిల్లలకు వేరుగా చూచుకోవలెను. జూన్ కంటే నవంబరు మెరుగైనదా అన్నదొక్కటే పోలిక.

రెండవ పని మరింత సులభం. హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఒక బృందం దీనిని బడులకు సూచిస్తున్నది. ఉపాధ్యాయులందరూ ఒక గదిలో కూర్చొని, విద్యార్థుల పేర్ల పట్టీ గోడకు అంటించి, తమకు నిజంగా చనువున్న పిల్లల పేర్లకెదురుగా గుర్తు పెట్టవలెను. చివరకు ఏ గుర్తూ లేని పేర్లు కొన్ని మిగులుతాయి. మొదటి బెంచీవారికీ, అల్లరివారికీ గుర్తులు బాగానే పడతాయి. మిగిలేది మౌనంగా ఉండేవారు. ఒక్కొక్క పేరును ఒక్కొక్కరు పంచుకొంటే సరి. ఆనాడు మా బడి గోడ మీద అటువంటి పట్టీ ఉండి ఉంటే, నా విద్యార్థి పేరు ఖాళీగా కనబడి ఉండేది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పవలెను. ఆదరణ పేరిట చదువును వదలివేయడం దయ కాదు. ఎనిమిదవ తరగతికి వచ్చినా వాచకం కూడబలుక్కొనే పిల్లవాణ్ణి "పాపం" అని పై తరగతికి తోసివేయడం కూడా ఒక రకం వెలివేతే. చదవలేని బిడ్డ ప్రతి గంటా అవమానంతోనే కూర్చుంటాడు. వానికి అక్షరం అబ్బేవరకు పక్కన కూర్చోవడమే ఉపాధ్యాయుడు చూపగల ప్రథమ వాత్సల్యం. కనుక రెండు లెక్కలూ ఒకే కాగితం మీద ఉండవలెను. 2020 జాతీయ విద్యావిధానం చెప్పిన సమగ్ర ప్రగతి పత్రంలో పిల్లలు తమను గూర్చి తాము చెప్పుకొనే చోటు ఉన్నది. బడిని గూర్చి పిల్లలు చెప్పే చోటు కూడా ఒకటి ఉంటే ఆ పత్రం నిజంగా సమగ్రమవుతుంది. 2024 డిసెంబరు 7న మన రాష్ట్రంలోని ప్రభుత్వ బడులన్నింటిలో తల్లిదండ్రుల సమావేశాలు ఒకేరోజు జరిగాయి. అటువంటి రోజున మార్కులతో పాటు ఈ చీటీల సారాంశమూ చదివి వినిపించవచ్చు.

మా అమరావతి 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలోకి వచ్చింది గాని, ఊరి చరిత్ర రెండువేల ఏళ్ల నాటి ఒక స్తూపంతో ముడిపడి ఉన్నది. ఆ స్తూపపు శిల్పాలలో నలగిరి అనే మదగజం కథ చెక్కిన ఫలకం ఒకటి ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నది. ఒకే వలయంలో ఒకే ఏనుగు రెండుసార్లు కనబడుతుంది. ఒకవైపు మనుషులను తొక్కుతూ, మరొకవైపు బుద్ధుని పాదాల చెంత మోకరిల్లుతూ. శిల్పి రెండవ దృశ్యం మాత్రమే చెక్కి ఉంటే మైత్రి ఏమి చేసిందో మనకు తెలిసేది కాదు. ముందరి స్థితిని దాచకుండా చూపడమే కొలత. మన బడులు ఆ మొదటి సగాన్ని చూడడానికి జంకుతున్నాయి.

ఈ టపా చదివేవారిలో బడిపంతుళ్లు ఉంటే ఒక్క విన్నపం. రేపు హాజరు పిలిచేటప్పుడు గైరుహాజరైన పేరు దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఎందుకు రాలేదో పక్కవానిని అడగండి, సాయంకాలానికి కబురు పంపండి. ఏమి తెలిసిందో వీలైతే ఇక్కడ వ్యాఖ్యగా వ్రాయండి, పిల్లల పేర్లు మాత్రం వద్దు. నా మార్కుల పుస్తకంలో ఆ వరుస చివర, ఎర్రసిరా పక్కనే, మొన్న నీలిసిరాతో కారణం వ్రాసి పెట్టాను. చాలా ఆలస్యమైంది.