పొగయు స్వాతంత్ర్యమును

మన దేశమునకు వలయు ముడిచమురులో నూటికి 85 పాళ్లకు మించి పరదేశములనుండి వచ్చుచున్నది. ఆ మేరకు మన స్వాతంత్ర్యము పరుల దయపై ఆధారపడియున్నది. 2025 జూన్ నాటికి విద్యుదుత్పాదక సామర్థ్యములో సగము బొగ్గు, చమురు, వాయువులతో నిమిత్తము లేనిదైనది, సంతోషమే. కాని సామర్థ్యము వేరు, ఉత్పత్తి వేరు. ప్రొద్దుగ్రుంకిన పిదప మన దీపములను వెలిగించునది నేటికిని ముఖ్యముగా బొగ్గే.

ఆ పొగకు ప్రభుత్వమే 2015లో హద్దులు విధించినది. గడువులు పలుమార్లు పొడిగించి, తుదకు 2025 జూలైలో పెక్కు కేంద్రములను గంధకవాయువు నరికట్టు యంత్రముల నిర్బంధమునుండి విడిచినది. మన బొగ్గున గంధకము స్వల్పమని సమాధానము. ఏటేట కోట్లకొలది టన్నులు కాల్చునపుడు స్వల్పమే అనల్పమగును గదా!

పగటియెండను రాత్రికి నిలువచేయు సాధనములను స్వదేశముననే నిర్మింపవలెను. అంతవరకు పొగపై హద్దును సడలింపరాదు. పరుల చమురునుండి విముక్తియు, ప్రజల ఊపిరికి రక్షణయు ఒకే స్వరాజ్యధర్మమని మా దృఢాభిప్రాయము.