ఆ రెండు దేనారాలు ఎవరివి?

మంచి సమరయుడు గాయాలకు కట్లు కట్టి ఊరుకోలేదు. దొంగల చేతిలో దెబ్బలు తిని కొనప్రాణంతో పడివున్న వాణ్ణి తన వాహనంపై పూటకూళ్ల ఇంటికి చేర్చాడు. మర్నాడు రెండు దేనారాలు ఆ ఇంటి యజమాని చేతిలో పెట్టాడు. ఇంకా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు తీరుస్తానన్నాడు (లూకా 10:35). కూలివాడి రోజు కూలి ఆ కాలంలో ఒక దేనారం (మత్తయి 20:2). అంటే ముక్కూమొహం తెలియని వాడికోసం రెండు రోజుల కూలి వదులుకోవడమే గాక, లెక్కతేలని బాకీకి కూడా పూచీ పడ్డాడన్నమాట. ఈ ఉపమానం మీద ఎన్నో ప్రసంగాలు చేసిన మనం ఆ బిల్లు సంగతి మాత్రం త్వరగా దాటేస్తుంటాం.

కొన్నేళ్ల క్రితం ఆదివారం ఆరాధన ముగిశాక ఒక సోదరి మా దగ్గరికొచ్చింది. భర్త తాగుడు మాన్పించడానికి ఒక ప్రైవేటు కేంద్రం వారు మూడు నెలల డబ్బు ముందే కట్టమన్నారట. కమ్మలు కుదువపెట్టి సగం తెచ్చింది, మిగతా సగం నూటికి అయిదు రూపాయల వడ్డీకి తేబోతోంది. మేము ప్రార్థన చేసి పంపేశాం. ప్రభుత్వాసుపత్రిలో ఆ చికిత్స ఉచితమన్న ఒక్క మాట చెప్పలేకపోయాం. వేదాంత కళాశాలలో గ్రీకు నేర్చుకున్న మాకు ఆ సంగతే తెలియదు మరి! ఆ అప్పు తీర్చడానికి ఆమెకు నాలుగేళ్లు పట్టింది. ఆ దారిన పక్కగా వెళ్లిపోయిన యాజకుణ్ణి, లేవీయుణ్ణి తప్పుపట్టే అర్హత మాకిక లేదు.

ఆ తర్వాతే ఈ విషయాలు తెలుసుకున్నాం. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ, విశాఖ చినవాల్తేరులోనూ ఉన్న ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో మద్యవ్యసనానికి చికిత్స చేస్తారు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ గ్రాంటుతో స్వచ్ఛంద సంస్థలు నడిపే కేంద్రాలూ ఉన్నాయి. ఎక్కడికెళ్లాలో తోచనివారు 14446కు గానీ, 2022లో మొదలైన టెలీ మానస్ 14416కు గానీ ఫోన్ చేయవచ్చు. 1935లో అమెరికాలో పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలకు ఫీజే లేదు. ఆరోగ్య బీమా మాటకొస్తే, మానసిక వ్యాధులకూ శరీర వ్యాధులతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 నాటి చట్టం చెబుతోంది. అయినా చాలా పాలసీల మినహాయింపుల జాబితాలో మద్యవ్యసన చికిత్స కనిపిస్తుంది. ఆ చిన్న అక్షరాలు చదవకుండా దాన్ని నమ్ముకోకూడదు.

ఒక హెచ్చరిక. ఏళ్ల తరబడి విపరీతంగా తాగినవాణ్ణి ఉపవాస ప్రార్థన పేరుతో గదిలో పెట్టి ఒక్కసారిగా మాన్పించబోతే రెండు మూడు రోజుల్లో మూర్ఛలు, మతిభ్రమణ వచ్చి ప్రాణాలు పోవచ్చు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, అక్కడే ప్రార్థన చేద్దాం.

మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందిందని 2019లో వెలువడిన ఎయిమ్స్ సర్వే తేల్చింది. మంచం ఉచితమైనంత మాత్రాన వైద్యం ఉచితం కాదని పేదవాడికి తెలుసు. తోడుండే భార్యకు కూలి పోతుంది. బస్సు చార్జీలు, భోజనం, ఇంటద్దె, పిల్లల ఫీజు ఎవరు కట్టాలి? డిశ్చార్జి తర్వాత నెలల తరబడి మందులకు తిరగాలి. చర్చి కానుకల పెట్టె తెరుచుకోవలసింది సరిగ్గా ఇక్కడే. ప్రహరీగోడకూ, కొత్త మైకు సెట్టుకూ డబ్బు దొరికినప్పుడు దీనికెందుకు దొరకదు?

'వాడు చేతులారా తెచ్చుకున్నాడు, దానికి దేవుని సొమ్మా?' అని మా సంఘ పెద్దలొకరు అడిగారు. ప్రమాదకరమైన ఆ యెరికో దారిలో ఎందుకు వచ్చావని సమరయుడు గాయపడినవాణ్ణి అడగలేదు. 'చికిత్స చేయించినా మళ్లీ తాగాడు, డబ్బంతా దండగ' అన్నది ఇంకో మాట. ఈ జబ్బులో మళ్లీ పడిపోవడం మామూలే. ఇంకా ఖర్చయితే నేనిస్తానన్న సమరయుడి మాట ఆ రెండో బిల్లుకు కూడా వర్తిస్తుందని మేమనుకుంటున్నాం. ఇప్పుడు మా సంఘంలో నెలకో ఆదివారపు కానుక ఇందుకే పక్కన పెడుతున్నాం. మొన్న దాన్నుంచి ఒక సోదరుడికి బస్సు చార్జీలిచ్చాం. ఆసుపత్రికి ఆయన వెళ్లడం ఇది మూడోసారి.