కంచెలోని కృష్ణసారం: మన భూతదయకు పరీక్ష

ధర్మశాస్త్రంలో కృష్ణసారమృగానికి లభించిన గౌరవం సామాన్యమైనది కాదు. ఆ మృగం ఎక్కడ స్వభావసిద్ధంగా సంచరిస్తుందో ఆ దేశమే యజ్ఞయోగ్యమని మనుస్మృతి ద్వితీయాధ్యాయం నిర్దేశిస్తున్నది. స్వభావసిద్ధంగా అనగా, బలవంతంగా తెచ్చి ఉంచినది కాదని కుల్లూకభట్టు వ్యాఖ్యానం. మృగం ఉండుట మాత్రమే చాలదు, అది తన స్వభావంతో జీవించవలెనని శాస్త్రాభిప్రాయం. ఈ ఒక్క విశేషణం నేడు మనలను నిలదీస్తున్నది.

ఏలయనగా, మనలో అధికులు కృష్ణసారాన్ని, అనగా కృష్ణజింకను, దర్శించేది జంతుప్రదర్శనశాలలోనే. 1963లో ప్రజలకు తెరచిన హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలకు గాని, విశాఖలోని ఇందిరాగాంధీ జంతుప్రదర్శనశాలకు గాని కుటుంబంతో వెళతాము. కంచె వద్ద అర నిమిషం నిలచి, పిల్లలకు ‘అదిగో జింక’ అని చూపి, పులి ఎక్కడ ఉన్నదని అడుగుతూ ముందుకు సాగిపోతాము.

ఆ అర నిమిషం అర గంట అయితే కనిపించేది వేరు. మందలో వయసు మీరిన మగమృగం నల్లని మేనితో, మెలికలు తిరిగిన కొమ్ములను వెన్ను వైపునకు వాల్చి, ముఖం పైకెత్తి గంభీరంగా నడుస్తుంది. కన్ను క్రింది గ్రంథిని కొమ్మకు రాచి, ఇది నా సీమ అని గుర్తు పెడుతుంది. ఇంకా గోధుమవన్నె వీడని పడుచు మగమృగం దూరాన ఒదిగి మేస్తూ ఉంటుంది. ఒక ఆడుమృగం చిన్న సవ్వడికే తల ఎత్తుతుంది. దాని ప్రక్కనే మరొకటి నిశ్చింతగా నెమరు వేస్తుంది. జాతి ఒకటే, స్వభావాలు వేరు. జీవుడు ప్రతి దేహంలోను తన సంస్కారంతోనే వస్తాడని మనం చదివిన వేదాంతం అక్కడ ప్రత్యక్షం. గంటకు 80 కిలోమీటర్ల వేగం అందుకోగల ఈ వాయుదేవుని వాహనం ఆ ఆవరణలో నాలుగు దూకులకే కంచెను చేరుతుందన్నది కూడా ప్రత్యక్షమే.

మరి మనం చేస్తున్నదేమి? చప్పట్లు కొడతాము, కేకలు వేస్తాము, పుణ్యమని రొట్టెలు, బిస్కట్లు విసురుతాము. నెమరువేసే జీవికి అటువంటి పదార్థాలు మితిమీరితే ఉదరంలో ఆమ్లం పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. ఆహారంతో పాటు ప్లాస్టిక్ సంచిని మింగితే అదే మృత్యువు. భయకంపితమైన జింక దిక్కు తోచక కంచెకు కొట్టుకొని గాయపడుతుంది. దానికి కీడు కలిగించే దానిని దయ అనుట ఎట్లు?

ఇక్కడ భాగవత పంచమస్కంధంలోని భరతుడు స్మరణకు వస్తాడు. సింహగర్జనకు బెదరి నదిని దాటబోయిన తల్లి మరణించగా, నీటిలో పడిన లేడిపిల్లను ఆ రాజర్షి రక్షించాడు. అది దోషం కాదు, ధర్మమే. ఆ లేడి నాది, నన్ను విడిచి ఉండలేదు అన్న మమకారమే ఆయనను మృగజన్మకు ఈడ్చినది. జింక మన చేతి వద్దకు రావలెను, మన ఛాయాచిత్రంలో నిలువవలెను అన్న ఆశ కూడా ఆ మమకారానికే చిన్న రూపం. దయ ఎదుటి జీవి క్షేమాన్ని చూస్తుంది. మమకారం తన సంతోషాన్ని చూస్తుంది.

అయినచో జంతుప్రదర్శనశాలలే అధర్మమా అని పూర్వపక్షం. అట్లు అనలేము. అక్కడే పుట్టి పెరిగిన మృగాన్ని ఒక్కసారిగా అడవిలో విడుచుట దానికి మేలు కాదు. అక్కడ దానికి వైద్యం ఉన్నది, వేటగాని భయం లేదు. అడవి చూడని బాలునికి ఆ కంచెయే ప్రథమ పాఠశాల కాగలదు. కాని కంచెలో మృగం క్షేమంగా ఉన్నది గదా అని బయటి గడ్డినేలలను విస్మరించుటయే అసలు ప్రమాదం. రోళ్ళపాడు వంటి పచ్చికబయళ్ళలో అది నేటికీ స్వేచ్ఛగా తిరుగుతున్నది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రజంతువు అదే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానిని వేటాడుట నేరమన్నది. గడ్డినేలను బంజరని దున్నివేస్తే, చట్టం ఉండీ మృగానికి నిలువ నీడ ఉండదు. ఉపనయనంలో కృష్ణాజినాన్ని ఘనంగా స్మరించే మనకు, ఆ అజినం ధరించిన ప్రాణి ఏ గడ్డి మేస్తున్నదో పట్టకపోవుట న్యాయమా?

కావున సాధకులకు నా మనవి ఇది. ఈసారి కృష్ణసారం ఎదుట నిలచినప్పుడు చేతిలో ఆహారం వద్దు, నోట శబ్దం వద్దు. దేవాలయంలో మూలమూర్తి ముందు నిలచినట్లు మౌనంగా నిలువండి. బిడ్డలకు దాని నడకను, చూపును, ఒక్కొక్క మృగం స్వభావాన్ని చూపండి. పిదప, ఇది స్వభావంతో తిరుగాడే నేల మన ప్రాంతంలో ఇంకా మిగిలి ఉన్నదా అని విచారించండి. మిగిలి ఉంటే, దానిని కాపాడుట కూడా యజ్ఞమే. అది లేని నాడు మనం ఎన్ని హోమకుండాలు నిర్మించినా, ఈ దేశం యజ్ఞయోగ్యమని చెప్పగల సాక్షి ఒక్కటీ ఉండదు.

స్వస్తి.