మొలక చూడని విత్తనం

మా ఇంట్లో వరి నారు పోసే ముందు ఒక చిన్న పని జరుగుతుంది. బస్తాలోంచి సరిగ్గా నూరు గింజలు లెక్కపెట్టి, తడి గోనెపట్టాలో చుట్టి ఓ మూలన పెడతారు. కొన్ని రోజులయ్యాక విప్పి మొలకలు లెక్క చూస్తారు. ఎనభైకి తగ్గకపోతే విత్తనం మంచిదే. ధ్రువీకరించిన వరి విత్తనానికి ఉండవలసిన కనీస మొలక శాతమూ 80 యే. తగ్గిందా, ఆ బస్తా వెనక్కి పోవలసిందే. "సంచి మీద ముద్ర ఉంది కదా, మళ్లీ ఈ పరీక్ష ఎందుకు?" అని చిన్నప్పుడు అడిగాను. "ముద్ర మొలకెత్తది బిడ్డా, గింజ మొలకెత్తాలె" అన్నాడు మా నాయిన.

కంప్యూటరు ల్యాబులో కూర్చున్నప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొస్తుంది. అక్కడ మనం చేస్తున్నదేమిటి? ప్రోగ్రాము రాస్తాం. ఒకే ఒక్క ఇన్‌పుట్ ఇస్తాం. "అవుట్‌పుట్ వచ్చింది సార్!" అని కేకేస్తాం. రికార్డులో సంతకం పడుతుంది, కథ కంచికి పోతుంది. ఆ ఒక్క ఇన్‌పుట్ అయినా ఎట్లాంటిది? జవాబు తప్పకుండా వస్తుందని ముందే తెలిసినది! మొలిచే గింజనొక్కదాన్నే ఏరి తెచ్చి, బస్తా అంతా బంగారమే అనడం లాంటిది కాదా ఇది?

ఇతరుల సంగతి ఎందుకు, నా సంగతే చెబుతాను. హాలియా నుంచి మిర్యాలగూడ మిల్లుల దాకా వడ్ల మాటొస్తే మొదటి ప్రశ్న "తేమ ఎంత?" అనే. ప్రభుత్వ కొనుగోలుకు 17 శాతం దాకా ఉండవచ్చు. తేమ శాతం ఇస్తే "తీసుకోవచ్చు" అనో "ఆరబెట్టాలి" అనో చెప్పే చిన్న ఫంక్షన్ ఒకటి పైథాన్‌లో రాశాను. 14 ఇస్తే సరిగ్గానే చెప్పింది. 20 ఇచ్చినా సరిగ్గానే చెప్పింది. సంతకం పడింది.

కొన్నాళ్లకు యూనిట్‌టెస్ట్ నేర్చుకుంటూ అదే ఫంక్షన్‌కు ఐదు పరీక్షలు రాశాను: 16, 17, 17.1, మైనస్ 5, చివరికి అసలు విలువే లేని ఖాళీ. మైనస్ అయినా, ఖాళీ అయినా "ఇది తప్పు విలువ" అని చెప్పాలని నా షరతు. ఫలితం? రెండు చుక్కలు, రెండు ఎఫ్‌లు, ఒక ఇ! చుక్క అంటే నెగ్గినట్టు, ఎఫ్ అంటే జవాబు తప్పినట్టు, ఇ అంటే ప్రోగ్రామే మధ్యలో కూలినట్టు. మైనస్ 5 తేమను నా ఫంక్షన్ హాయిగా "తీసుకోవచ్చు" అంది. ఖాళీ ఇస్తే చతికిలబడింది. అన్నిటికన్నా సిగ్గుపడ్డది 17 దగ్గర. "17 లేదా అంతకు తక్కువ" అనవలసిన చోట "17 కంటే తక్కువ" అని రాశాను. తేడా ఒక్క గుర్తు. కాని అది కల్లం దగ్గర నిజంగా వాడేదయి ఉంటే? సరిగ్గా 17తో వచ్చిన రైతు వడ్లు మళ్లీ ఎండబోసుకోవాలి. ఆ రాత్రే వాన పడితే ఎవరిది పూచీ?

ప్రోగ్రాములోని ఒక్కొక్క చిన్న భాగాన్ని విడిగా పట్టి చూడడమే యూనిట్ టెస్టింగ్. ఆ పరీక్షలన్నిటినీ ఒకచోట ఉంచి, ఒక్క ఆజ్ఞతో నడిపి, ఎక్కడ ఏది తప్పిందో చెప్పే పనిముట్టే ఫ్రేమ్‌వర్క్. కెంట్ బెక్ అనే ఆయన 1994లో స్మాల్‌టాక్ భాషకు ఇట్లాంటిది రూపొందించాడు. 1997లో ఆయనా, ఎరిక్ గామా కలిసి విమానంలో ప్రయాణిస్తూ జావాకు జేయూనిట్ రాశారు. అదే పద్ధతిలో వచ్చిన యూనిట్‌టెస్ట్ 2001లో పైథాన్ 2.1తో ఆ భాషలోనే భాగమైంది. వేరే కొననక్కరలేదు, దించుకోనక్కరలేదు, ల్యాబులో నెట్ లేకున్నా పనిచేస్తుంది. ఇక మనకు సాకేముంది?

"చేత్తో చూసుకుంటే చాలదా?" అని మిత్రులు అడుగుతారు. చేత్తో చూసింది ఆ పూటకే. రాసిపెట్టిన పరీక్ష నిలిచి ఉంటుంది. ఆరు నెలలకు ఇంకొకరెవరో ఆ కోడ్‌లో చేయిపెట్టి ఒక వరుస మార్చినా, ఒక్క ఆజ్ఞతో పాత పరీక్షలన్నీ మళ్లీ నడుస్తాయి. నిన్న పనిచేసింది ఈరోజు చెడితే అప్పుడే తెలిసిపోతుంది.

తప్పు ఆలస్యంగా తెలిస్తే ఏమవుతుందో మన రాష్ట్రానికి ఒకరు చెప్పాలా? 2019 ఏప్రిల్ 18న వచ్చిన ఇంటర్మీడియట్ ఫలితాలు మరిచిపోగలమా? తెలుగులో 99 రావలసిన విద్యార్థినికి 0 పడింది. ఫలితాల తర్వాత పలువురు విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ప్రభుత్వం త్రిసభ్య సంఘాన్ని వేసింది. ఫెయిలైన వారందరి జవాబు పత్రాలనూ ఉచితంగా మళ్లీ పరిశీలింపజేసింది. ఆ సున్నా మాత్రం మనిషి చేత్తో దిద్దిన వృత్తాల పొరపాటే, నిజమే. కాని సాఫ్ట్‌వేర్‌లోనూ లోపాలున్నాయని ఆ సంఘమే తేల్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

యూనిట్ పరీక్షలుంటే అన్నీ ఆగిపోయేవని నేననను. మొలక చూసిన పొలానికి తెగులు రాదా? వస్తుంది. ఏది పరీక్షించాలో తోచనివాడికి ఫ్రేమ్‌వర్క్ తోపించదు. విడివిడిగా నెగ్గిన భాగాలు కలిపినప్పుడు తప్పవచ్చు కూడా. అయినా మొలక చూడడం మానేసిన రైతును తెలివైనవాడని ఎవరూ అనరు.

అందుకని అధ్యాపకులకు నా మనవి ఒక్కటే. రికార్డులో ప్రతి ప్రోగ్రాముకూ ఎదుటి పేజీలో దాని పరీక్షలు రాయించండి. ప్రాక్టికల్స్‌లో వాటికీ కొన్ని మార్కులివ్వండి. "అవుట్‌పుట్ వచ్చిందా?" అని కాక "ఇది ఎప్పుడు తప్పుతుంది?" అని అడగండి. ఒకరి ప్రోగ్రాముకు ఇంకొకరి చేత పరీక్షలు రాయించండి. మన తప్పు మన కంటికి ఆనదు కదా!

మిత్రులారా, రేపు మనలో కొందరం హైదరాబాదు పోయి కోడ్ రాస్తాం. మార్కుల లెక్క, పింఛన్ల జాబితా, వడ్ల పైకం మన చేతుల మీదుగానే నడవవచ్చు. అటువైపు నిలబడేది మన తమ్ముడో, మన అవ్వో, మన నాయినో. సంతకం కోసం కాదు, వాళ్ల కోసం పరీక్ష రాద్దాం. ముద్ర మొలకెత్తదు, గింజ మొలకెత్తాలి.