కాలిన పెనం మీద డీజిల్ చుక్క: విమానానికో లెక్క, మన బస్సుకో లెక్కా?

2025 అక్టోబర్ 24 తెల్లారుజామున కర్నూలు పక్కన చిన్నటేకూరు కాడ బెంగళూరు పోయే ప్రైవేటు బస్సు కాలిపోయి 19 మంది ప్రయాణికులు సనిపోయారు. 2013 అక్టోబర్ 30న పాలెం కాడ 45 మంది. ఆ రెండు చోట్లా మంట లేచింది బస్సు దేన్నో గుద్దినాక. గుద్దకపోయినా, నిప్పురవ్వ లేకపోయినా బండి అంటుకునే దారి ఇంకోటి ఉంది: పైపు కారి, కాగిన ఇనుము మీద నూనె పడటం.

విమానాలోళ్లు ఈ సంగతిని ఏళ్ల తరబడి పరీక్ష చేసి సూశారు. ఇనుప పలకనో గొట్టాన్నో ఎర్రగా కాల్చి, దాని మీద ఇంధనం, హైడ్రాలిక్ నూనె, ఇంజన్ ఆయిల్ చుక్కలేస్తారు, చిమ్ముతారు. ఎంత వేడికి అంటుకుంటదో రాసుకుంటారు. అమెరికాలో రైట్-ప్యాటర్సన్ వైమానిక స్థావరంలోనైతే ఇంజన్ గది మాదిరే కట్టి, గాలి తోలి మరీ సూశారు.

తేలిందేంది? పుస్తకంలో ఉండే ఒక్క అంకెను నమ్ముకుంటే కుదరదని. విమాన ఇంధనం మూసిన పాత్రలో సుమారు 210-240 డిగ్రీలకే తనంతట తాను అంటుకుంటది. అదే బయట పలక మీదైతే ఇంకా వందల డిగ్రీలు ఎక్కువ కావాల. బాగా కాలిన దోసె పెనం మీద నీళ్లు చల్లితే చుక్క ఆవిరి మీద తేలి ఎగురుద్ది గదా, ఇదీ అట్టాంటిదే. ఆవిరి అంటుకునేలోపే లేచిపోతది. గాలి తగిలితే ఇంకా ఆలస్యం. అదే ఆవిరి మూలన ఇరుక్కుంటే మాత్రం తక్కువ వేడికే భగ్గుమంటది.

అందుకే విమాన నిబంధనలు ‘ఇంత వేడి దాకా పర్లేదు’ అని వదిలెయ్యవు. నూనె కారుద్దనే అనుకుని లెక్కేస్తాయి. కారింది వేడి భాగం మీద పడకుండా బయటికి పోయే దారి, మంట దాటని గోడ, పసిగట్టే పరికరం, ఆర్పే మందు, అన్నీ ఉండాల్సిందే.

ఇప్పుడు మన సంగతి. గిద్దలూరు నుంచి నంద్యాల ఘాట్ ఎక్కే బండిలో టర్బో 500 డిగ్రీలు దాటొచ్చు. ఇంజన్ ఎనకున్న బస్సులో, మూసిన గదిలో డీజిల్ పైపు చిట్లితే డ్రైవరుకు కనపడేది పొగ వచ్చినాకే. ఇంజన్ గదిలో మంట పసిగట్టి ఆర్పే ఏర్పాటుకు మన దేశంలోనూ ఏఐఎస్-135 అనే ప్రమాణం ఉంది. కాగితం మీదుంటే సాలదు. రాత్రిపూట తిరిగే ప్రతి స్లీపర్ బస్సులో, పాత బండ్లతో సహా, అది పనిచేస్తా ఉందా అని ఫిట్‌నెస్ ఇచ్చేటప్పుడు సూడాల. పైపులు టర్బోకు ఎంత ఎడంగా ఉన్నాయో, రబ్బరు పగిలిందేమో వంగి సూడాల.

పనికోసం, సదువుకోసం బెంగళూరు, హైదరాబాద్ పోయేది మన ఊళ్ల పిల్లోళ్లే. బస్సులో డీజిల్ వాసన గుప్పుమంటే ‘మామూలే’ అని పడుకోబాకండి. ఆపించి అడగండి. టికెట్ కొన్నోడికి ఆ హక్కు ఉంది.